చెవిమిషను ఎవరిది

తాడిపత్రి బండల ఫ్యాక్టరీల్లో కోత మిషను పక్కనే నిలబడి పనిచేసిన నాగన్నకు యాభై దాటేసరికి చెవులు దెబ్బతిన్నాయి. గట్టిగా అరిస్తే వినపడేది గానీ, ఏమన్నారో తెలిసేది కాదు. భార్య పోయాక ఇంట్లో ఆయన, కూతురు సువార్త ఇద్దరే. సువార్త బజారులో ఒక బట్టల అంగట్లో పనిచేస్తుంది. పగలంతా కొనేవాళ్లతో మాట్లాడి, ఇంటికొచ్చి నాయనతో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఫోను చూస్తుంటే చెవిమిషన్ల జత కనపడింది. మూడు వందల నలభై తొమ్మిది రూపాయలు. సంతలో అమ్మే రకమేమో అనుకుంది. అవి గుయ్యిమని మోగడం తప్ప పెద్దగా పనికిరావని విని ఉంది. పోతే పోయాయిలే అని డబ్బులు కట్టేసింది.

వచ్చిన డబ్బా మాత్రం సంత సరుకులా లేదు. చింతగింజంత మిషన్లు, వాటికొక చార్జింగు పెట్టె. ఫోన్లో యాప్ దించుకుని, అది చెప్పినట్టు సరిచేసి నాయన చెవులకు పెట్టింది. నాగన్న తల వంటింటి వైపు తిప్పాడు.

"అదేం సప్పుడు, సురసురమని?" అన్నాడు.

పొయ్యి మీద తిరగవాత. సువార్త పరుగెత్తి గిన్నె దించింది. దించుతుంటే ఏడుపొచ్చింది.

వారం తిరక్కుండానే ఫోను వచ్చింది. చెవిమిషన్ల కంపెనీ నుంచి మాట్లాడుతున్నానని, తన పేరు అభిలాష్ అని చెప్పాడు.

"మేడం, మీరు కొన్న వస్తువు ధర వెబ్‌సైట్‌లో తప్పుగా పడింది. అసలు ధర ముప్పై నాలుగు వేల తొమ్మిది వందలు. తేడా కట్టండి, లేదంటే వస్తువు వాపసు ఇవ్వండి."

"దుడ్లు తీసుకోని పంపించింది మీరే కదన్నా?"

"అవును మేడం, పొరపాటున పంపాం."

"నేను పొరపాటున కొనలేదే?"

వస్తువు ఇవ్వకపోతే లాయర్ నోటీసు వస్తుందని చెప్పి పెట్టేశాడు.

మర్నాడు ఆమె కట్టిన డబ్బు ఆమె ఖాతాలోకే తిరిగి వచ్చింది. ఆర్డరు రద్దయిందని మెసేజ్. ఇప్పుడు డబ్బూ తన దగ్గరే ఉంది, మిషనూ తన దగ్గరే ఉంది. అంతవరకూ లేని భయం అప్పుడు పట్టుకుంది. చూసేవాళ్లకు ఇది దొంగతనంలా ఉండదూ?

సంగతి విని నాగన్న మిషన్లు తీసి పెట్టెలో పెట్టేశాడు. "ఎవురిదో తేలేదాకా నేను పెట్టుకోనమ్మా."

"మనం దొంగిలించినామా నాయనా?"

ఆయనకు వినపడలేదు. అరిచింది. చెయ్యి ఊపి బయటికి వెళ్లిపోయాడు.

అంగడి యజమాని కేశవులును అడిగింది. "బిల్లేసి చీర సంచిలో పెట్టి ఇచ్చినాక వెంటబడి అడిగేది యాడైనా ఉండాదా?" అన్నాడాయన గట్టిగా. మళ్లీ గడ్డం గోక్కుంటూ, "పదివేల పట్టుచీర నూరు రూపాయలకు పోయింటే మాత్రం... ఏమోనమ్మా, అడుగుతానేమో," అన్నాడు.

వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతల ఒకామె ఓపిగ్గా అంతా విన్నది. డబ్బు తీసుకుని వస్తువు చేర్చాక బెదిరించి ఎక్కువ అడగడం సరికాదని చెప్పింది. ధర నిజంగానే పొరపాటని వాళ్లూ వాదించవచ్చని కూడా చెప్పింది.

"అట్లయితే మిషను మాదేనా మేడం?"

"నేను ఇప్పుడే తేల్చి చెప్పలేనమ్మా. ఫిర్యాదు రాసుకుంటాను. వాళ్లు ఏమడిగినా రాతపూర్వకంగా అడగమనండి. ఫోన్లో మాత్రం డబ్బు కట్టొద్దు."

ఫిర్యాదు వెళ్లిన కొద్ది రోజులకు సువార్త ఇంటికొచ్చేసరికి పెట్టె లేదు. కొరియర్ అతను వచ్చాడట. అతనేమన్నాడో నాగన్నకు వినపడలేదు, చొక్కా మీది కంపెనీ బొమ్మ చూసి పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు.

"వాళ్ల సామాను వాళ్లకిచ్చేసినా. పీడ పోయె," అన్నాడు.

సువార్తకు కోపం రావాలో, ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నామని, చూపించిన ధరకే అమ్మకాన్ని ఖాయం చేస్తున్నామని, వస్తువు ఆమె దగ్గరే ఉంచుకోవచ్చని రాశారు. ఆమె దాన్ని మళ్లీ మళ్లీ చదివి అభిలాష్‌కు ఫోన్ చేసింది.

"ఉంచుకోమన్నారు సరే అన్నా. మీరే తీసకపోయినారు కదా!"

"తీసుకెళ్లారా? ఎవరు మేడం?"

"నన్నడుగుతావేందప్పా!"

అతని గొంతులో కూడా అయోమయమే. కనుక్కుంటానన్నాడు. నిజంగానే కనుక్కున్నట్టున్నాడు, కొన్నాళ్లకు అదే పెట్టె తిరిగొచ్చింది. తెచ్చినతను మూడు వందల నలభై తొమ్మిది కట్టమన్నాడు. సువార్త కట్టి రసీదు తీసుకుంది. నాగన్న అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మళ్లా తీసకపోతారా?"

"నాకేం తెలుసు పెద్దాయనా, ఇయ్యమన్నారు, ఇచ్చినా."

సువార్త రసీదు మీద తన పేరూ ధరా వేలుతో చూపించింది. ఆయన చాలాసేపు చూసి, మిషన్లు తనే చెవులకు పెట్టుకున్నాడు.

"తప్పు ఎవురిదంట?" అని అడిగాడు.

"అది రాయలేదు నాయనా."

అంతలో ఫోను మోగింది. తెలియని నంబరు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎత్తమ్మా. ఏమంటారో నేనూ ఇంటా."

సువార్త స్పీకర్ పెట్టింది. రికార్డు చేసిన ఆడగొంతు. మా సేవ మీకు నచ్చితే ఒకటి నొక్కండి, నచ్చకపోతే రెండు నొక్కండి, అంటోంది. సువార్త వేలు ఒకటి మీదికి పోయింది, రెండు మీదికి పోయింది, మధ్యలో ఆగింది.

"ఏది నొక్కేది నాయనా?"

"నన్నడుగుతావేందే," అన్నాడు నాగన్న. "ఆయమ్మ మళ్లా మొదట్నుంచీ చెప్తాండాది, ఉండు."