మిద్దె మీది కొంగు

వనపర్తిలో హాస్టలు మిద్దె మీది వసారాలో మొక్కలు పెట్టుకోవడానికి వార్డెను ఒప్పుకున్నాడో లేదో, ఉప్పునుంతల రైతుబిడ్డ కురుమయ్య ఓటికుండలు ఏరుకొచ్చి, మట్టి నింపి, నేలంతా పరిచేశాడు.

గద్వాల నేతగాళ్ల పిల్లవాడు బాలకిష్టయ్య వాటిని వారకు జరిపాడు. "గిది చీర అనుకోరా. చుట్టూత అంచు, ఆ మూలకు కొంగు. నడుమ సాదాగ ఇడవాలె."

"జాగ ఖాళీగ ఇడిస్తె ఏం పండుతదిరా? మా నాయిన చూస్తె తంతడు!" కురుమయ్య మండిపడి కుండలన్నీ మళ్లీ నడుమకు లాగాడు.

సాయంత్రం వెలుగుండగానే చదువుకుంటే లాంతరు నూనె కలిసొస్తుందని హాస్టలు పిల్లలందరూ పుస్తకాలతో వసారాకు వచ్చారు. కాలు పెట్టే సందు లేక గడపలోనే నిలబడ్డారు. పుస్తకాలు చంకన పెట్టుకుని వెనక్కి మళ్లారు. అదే కురుమయ్యను పొడిచింది. గొణుక్కుంటూ కుండలన్నీ వారకు మోశాడు. మూల కుండలో మాత్రం, ఎవరినీ అడక్కుండా, ఇంటి నుంచి తెచ్చిన చిక్కుడు గింజలు పాతాడు.

కార్తీకంలో బాలకిష్టయ్య తండ్రి కొడుకును చూడవచ్చాడు. అప్పటికి మిద్దె మూల నుంచి చిక్కుడుతీగ ఊదాపూలతో కిందికి జారి ఉంది. ఆ నేతగాడు వీధిలోనే ఆగి తలెత్తాడు.

"కొంగు మస్తుగున్నది. ఎవలు నేసిన్రు బిడ్డా?"

ఎదురొచ్చిన బాలకిష్టయ్య పక్కవాణ్ని ముందుకు తోశాడు.

"నేనే," అన్నాడు, పుట్టి బుద్ధెరిగి మగ్గం ముట్టని కురుమయ్య.