తక్కువ తిరిగిన బండి

వంటింటి సింకులో చిజురు పాత కారు కార్బురేటరు తోముతోంది. ఒక పక్క రాత్రి కూరకి తరిగిన ముల్లంగి, ఇంకో పక్క పాత టూత్‌బ్రష్షు, కిరసనాయిలు గిన్నె. ఇలాంటివే ఇంకో మూడు గుడ్డ మీద వరసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నాయి. చలికాలం నీళ్లు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. "నీ వేళ్లు సన్నవి కదా, సందుల్లోకి బాగా పోతాయి" అని పొద్దున్నే సంచీ తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్లాడు కత్సుహికో. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు తన వేళ్లని మెచ్చుకోవడం అదే మొదలు. సంతోషించాలా ఏడవాలా ఆమెకి తెలియలేదు.

హాల్లో పాత కార్ల సంఘం వాళ్లిద్దరు కూర్చుని ఉన్నారు. గోడ పలచన, ప్రతి మాటా వినిపిస్తోంది.

"మా ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తాయి లెండి. కాకపోతే పాపం, అడ్డు చెప్పదు" అంటున్నాడు కత్సుహికో.

"అదృష్టవంతులండీ మీరు! మా ఇంట్లో బండి పేరెత్తితే ఆ పూట అన్నం కూడా పుట్టదు. అర్థం చేసుకునే భార్య దొరకడమంటే మాటలా?"

అర్థం చేసుకునే భార్య చేతులు సబ్బు పెట్టి మళ్లీ మళ్లీ కడుక్కుని టీ పట్టుకెళ్లింది. వాళ్లిద్దరూ లేచి ఒంగి మరీ దండం పెట్టారు. "సింగిల్ ఓనర్ బండి, పైగా ఇంత తక్కువ తిరిగింది! మీ వారి ఓపికకి జోహార్లమ్మా!" అన్నాడొకాయన. ఆమె నవ్వి, కప్పులు పెట్టి, వెనక్కి నడిచి వచ్చేసింది. తలుపు వేసుకున్నాక ఆ నవ్వు మొహం మీదే ఇంకా ఉండిపోయిందని గమనించి చేత్తో తుడుచుకుంది.

ఇంతకీ ఆ బండి చిజురుది. ఇదేమీ రహస్యం కాదు, ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ మరిచిపోయారు, అంతే. హమామత్సులో పియానోల ఫ్యాక్టరీలో చేరి, లోపలి సుత్తులకి ఉన్ని గుడ్డ అంటించి, నెల నెలా జీతం దాచి, ఇరవై మూడో ఏట తెచ్చుకుంది ఆ హోండా ఎస్-800ని. రెండే సీట్లు, మడిచేస్తే వెనక్కి పోయే గుడ్డ పైకప్పు, కుట్టుమిషనులా ఆగకుండా పాడే ఇంజను. షోరూమ్‌లో వాళ్లు కొనేది ఎవరని ఆమె వెనక్కి తొంగి చూశారు. వెనక ఎవరూ లేరు. ఆమె కాళ్లు పెడల్ దాకా అందవని తెలిసి, సీటు కింది పట్టాని ముందుకి జరిపి, దాన్ని బిగించడానికి బండి అడుగున కొత్త రంధ్రాలు పెట్టించుకుంది. ఏడాది పైచిలుకులో ఆ బండిలో ఆమె తిరగని ఊరు లేదు. ఆదివారం వస్తే సముద్రం పక్క రోడ్డే. జుట్టంతా చిక్కులు పడేది, పళ్లలో ఇసుక కరకరలాడేది. ఒంటరిగా ఉన్నానని ఒక్కసారీ అనిపించేది కాదు.

తరవాత సంబంధం కుదిరింది. మిక్కబీ కొండల్లో నారింజ తోటలున్న ఇల్లు, కుర్రాడికి సహకార బ్యాంకులో ఉద్యోగం, ఒక్కడే కొడుకు, తల్లితో ఉంటాడు. ఇంకేం కావాలన్నారు అందరూ. కాపురానికి ఆ బండిలోనే వచ్చింది. అత్తగారు వాకిట్లో నిలబడి దాన్ని అటు నుంచి ఇటు దాకా చూసింది.

"ఇంట్లో మనుషులం ముగ్గురం. దీన్లో సీట్లు రెండు. ఎవరు మిగిలిపోవాలమ్మాయ్, నేనా?"

ఆ రాత్రి కత్సుహికో చాలా మెత్తగానే చెప్పాడు. "కొన్నాళ్లు పక్కన పెట్టు. అమ్మ అలవాటు పడ్డాక చూద్దాం." కాయలు నిలవ చేసే కొట్టంలో ఖాళీ ఉంది, గాలి ఆడుతుంది, చెమ్మ రాదు. బండిని అందులో పెట్టి గుడ్డ కప్పారు. కొన్నాళ్లంటే పెద్దబ్బాయి పుట్టేదాకా అన్నారు, ఆ తర్వాత వాడు బడికి వెళ్లేదాకా అన్నారు, ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చింది, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ప్రతి శీతాకాలం ఆ గుడ్డ చుట్టూ నారింజ పెట్టెలు పేర్చింది చిజురే. వసంతంలో ఖాళీ చేసిందీ ఆమే. ఇంటికి తెల్ల ట్రక్కొకటి కొన్నారు, బుల్లిది, గేర్ల బండి. దాన్నేసుకుని కొండ దారిలో పండ్ల పెట్టెలు దించింది, అత్తగారిని ఆసుపత్రికి తిప్పింది, పిల్లల్ని తెచ్చింది. తన తల్లి మంచాన పడినప్పుడు మాత్రం ట్రక్కు కోతకి కావాలన్నారు. మూడు బస్సులు మారి వెళ్లింది. ఆమె వెళ్లేసరికి తల్లి మాట పడిపోయింది.

అందుకే తక్కువ తిరిగింది ఆ బండి. సంఘం వాళ్లకి మీటరు మీది అంకె చూస్తే కళ్లు మెరుస్తాయి. చిజురుకి మాత్రం అందులో తిరగనిదే కనిపిస్తుంది. వెళ్లలేకపోయిన ప్రతి రోడ్డూ పేరు పెట్టి చెప్పగలదు. పుట్టిల్లు, సముద్రం, స్నేహితురాలి పెళ్లి, ఊరికే ఎక్కడికైనా. కానీ ఇన్నేళ్ల తరవాత ఎవరితో అంటుంది, ఏమని అంటుంది?

ఉద్యోగం అయిపోయాక కత్సుహికోకి పొద్దు పోలేదు. ఒకరోజు కొట్టంలో గుడ్డ తీసి చూసి, నిధి దొరికినవాడిలా పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు నుంచి అది "నా బండి" అయింది. ఊరవతల పాత బళ్లు బాగుచేసే ఇగావా షెడ్డుకి చేర్చారు. ఇంజను విప్పారు, బ్రేకులు మార్చారు, తుప్పు గీకారు, అసలు రంగు మళ్లీ వేశారు. కత్సుహికో తన పేరులోని అక్షరం చెక్కించిన చెక్క గుండు తెప్పించి గేరు రాడ్డుకి తగిలించాడు. నూనె మరకల దుస్తులన్నీ చిజురు ఉతికింది. షెడ్డుకి అన్నం ముద్దలు మోసింది. ఒకరోజు అలా మోసుకెళ్లినప్పుడే ఇగావా సీటు కింద టార్చి వేసి చూస్తూ కనిపించాడు.

"ఇదుగో, ఇక్కడ ఎవరో అదనంగా రంధ్రాలు పెట్టారండీ!"

"నేనే పెట్టించాను" అంది చిజురు. "కాళ్లు అందక."

పక్కనే ఉన్న కత్సుహికో నాలిక చప్పరించాడు. "ఆడవాళ్ల తెలివి చూశారా? బంగారంలాంటి బండికి బొక్కలు పెట్టింది. వెల్డింగ్ చేసి మూసెయ్యండి ఇగావా గారూ. సీటు ఫ్యాక్టరీ వాడు పెట్టిన చోటే ఉండాలి."

మూసేశారు. చిజురు అన్నం డబ్బా పట్టుకుని నీలి నిప్పు ఆరేదాకా అక్కడే నిలబడింది. ఎవరూ ఆమెని అడగలేదు. ఆమె కూడా నోరు మెదపలేదు. దానికి తన మీద తనకే కోపం వచ్చింది.

వసంతంలో సరస్సు ఒడ్డున పాత కార్ల ప్రదర్శన. సింగిల్ ఓనర్ బళ్లకి వేరే వరస, వేరే గౌరవం. కత్సుహికో నెల ముందు నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఒకరోజు ఫోను పెట్టేసి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఓనరే నడపాలట. ఆ వరసకి రూలట. నీ పేరున ఉండటం ఎంత తలనొప్పి అయిందో చూడు."

"అయితే మీ పేరున మార్పించుకోండి."

"బాగుంది! మారిస్తే నేను రెండో ఓనర్నైపోతాను కదే! ఇక సింగిల్ ఓనర్ ఎక్కడ?"

చిజురుకి ఫక్కున నవ్వొచ్చింది. నవ్వుని దగ్గులోకి మార్చుకుంది. ఆ మనిషికి తన పేరుతో అవసరం పడింది. తన వంటతో కాదు, తన వేళ్లతో కాదు, పేరుతో. ఎంత వింత!

"ఏం పర్లేదు" అన్నాడు కత్సుహికో, తనే తీర్పు చెప్పుకుని. "బండిని అక్కడిదాకా పెద్ద ట్రక్కు మీద తీసుకెళదాం, మీటరు పెరక్కుండా. నువ్వు ఒడ్డు చుట్టూ ఒక్క రౌండు మెల్లగా తిప్పు. పక్కన నేనుంటాను. మళ్లీ ట్రక్కు ఎక్కించేద్దాం. రేపటి నుంచి నేర్పుతాను."

నేర్పాడు. పెరట్లో, తోట గేటు ముందు. "ఇది క్లచ్చి. ఎడం కాలు. ఇది బ్రేకు. కంగారు పడకు." నారింజ పెట్టెలు నిండిన ట్రక్కుని ఏటవాలు దారిలో వెనక్కి నడిపిన మనిషికి క్లచ్చి ఏదో చూపిస్తున్నాడు. చిజురు సీటు అంచుకి జారి కాలు చాపింది. బొటనవేలు మాత్రమే తగిలింది. బండి ఎగిరిపడి ఆగిపోయింది.

"చూశావా! చెప్పానా? నీ వల్ల ఎక్కడవుతుంది! వీపు వెనక దిండు పెట్టుకో" అన్నాడు.

దిండు. ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండిపోయింది. తన కాళ్లు పొట్టివి కావు. తన కాళ్లకి సరిపడా సీటు ఉండేది. ఆ రంధ్రాలని తన ఎదుటే మూసేసి, ఇప్పుడు అందదంటున్నారు. ఎన్ని విషయాల్లో ఇలాగే జరిగిందో ఆ పెరట్లో, ఆగిపోయిన బండిలో కూర్చుని ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నీకు లెక్కలు రావు, నీకు దారులు తెలియవు, నీకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. నిజమే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ.

ప్రదర్శనకి కొద్ది రోజుల ముందు, ఆఖరి తనిఖీకని బండి మళ్లీ షెడ్డుకి వెళ్లింది. ఆ మధ్యాహ్నం చిజురు తెల్ల ట్రక్కు వేసుకుని ఇగావా దగ్గరికి వెళ్లింది. ఒక సంచీ నారింజలు బల్ల మీద పెట్టింది.

"ఆ రంధ్రాలు మళ్లీ పెట్టండి ఇగావా గారూ."

"ఏ రంధ్రాలమ్మా?"

"మీరు మూసేసినవి."

ఇగావా టోపీ తీసి తల గోక్కున్నాడు. "అయ్యగారికి చెప్పారా?"

"మూసేటప్పుడు నాకెవరైనా చెప్పారా?"

ఆయన వంగి సీటు కింద చూశాడు. "ఒక మాటమ్మా. సీటు అక్కడ బిగించామంటే అయ్యగారు కూర్చోలేరు. మోకాళ్లు స్టీరింగుకి తగులుతాయి."

"తగలనివ్వండి. అద్దం కూడా నా కళ్లకి దించండి. ఆ చెక్క గుండు తీసేసి పాత నల్లది పెట్టండి. నా చేతికి చెక్కది లావుగా ఉంది."

చెప్పేసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. "సరేనమ్మా, మీ బండి" అన్నాడు ఇగావా. ఇంటికి వెళ్లే దారిలో ట్రక్కుని పక్కకి ఆపి, అన్నం డబ్బా మూతలో మంచినీళ్లు పోసుకుని తాగింది.

ప్రదర్శన రోజు ఎండ కాసింది. ఒడ్డున ఈల్ చేపలు కాలుస్తున్న వాసన, జనం, కెమెరాలు. ట్రక్కు మీంచి బండి దించగానే, నలుగురి ముందూ ఒకసారి కూర్చుని చూపించుకుందామని కత్సుహికో తలుపు తీశాడు. సగం దూరి ఇరుక్కుపోయాడు. మోకాలు ఠంగుమని తగిలింది.

"ఏమిటిది? ఎవరు చేశారిది?"

"నేనే చేయించాను."

మొహం మీద నవ్వు చెదరకుండా పళ్ల మధ్య నుంచి అన్నాడు. "పిచ్చి పట్టిందా నీకు? ఒరిజినల్ అంతా నాశనం చేశావు కదే!"

"ఒరిజినల్ ఇదేనండీ. నేను కొన్నప్పుడే ఇలా చేయించుకున్నాను."

వెనక బళ్లు హారను కొడుతున్నాయి. కత్సుహికో అటు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు, పెళ్లిలో అలిగిన వియ్యంకుడిలా. చిజురు సీట్లో కూర్చుంది. క్లచ్చి అరికాలికి నిండుగా తగిలింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఆ గొంతు మారలేదు. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోకుండానే గేరు వేసింది.

ఒడ్డు మొదట్లో వేదిక. మైకు పట్టుకున్న కుర్రాడు వంగి, "ఓనరు గారూ!" అని కత్సుహికో వైపు చూశాడు. చేతిలో కాగితం చూసుకుని నాలిక కరుచుకుని ఇటు తిరిగాడు. "క్షమించండమ్మా! కొత్తలో కొన్న బండి, ఇన్నేళ్లలో ఇంత తక్కువ తిరిగిందంటే నమ్మశక్యం కావడం లేదు. ఎంత అపురూపంగా చూసుకున్నారో! ఆ రహస్యం మాకూ చెప్పండి."

కత్సుహికో మోచేత్తో పొడిచాడు. ఏం చెప్పాలో వారం నుంచి వల్లె వేయించాడు కదా. ప్రాణంలా చూసుకున్నాం, మా వారి ఓపిక.

చిజురు మైకు అందుకుంది.

"రహస్యమేం లేదు బాబూ. పెళ్లయింది."

జనం గొల్లున నవ్వారు. ముసలాయనలు చప్పట్లు కొట్టారు, మంచి జోకేసింది అని. కత్సుహికో కూడా నవ్వాడు, అలవాటుగా. ముందు వరసలో చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె నవ్వలేదు. ఆమె పక్కన నిలబడ్డ పెద్దావిడా నవ్వలేదు. చిజురు మైకు తిరిగి ఇచ్చి బండి కదిలించింది.

సరస్సు ఒడ్డున చెర్రీ పూలు రాలిపోయి లేతాకు వేస్తున్న చెట్లు. రౌండు సగమైంది. కత్సుహికో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"నలుగురిలో ఏం మాటలవి?" అన్నాడు చివరికి. ఆమె గేరు మార్చింది. ఆయన గొంతు తగ్గించి, "నేనెప్పుడు ఆపమన్నాను? కొన్నాళ్లు పక్కన పెట్టమన్నాను, అంతేగా" అన్నాడు.

"అవును" అంది చిజురు. "అంతే అన్నారు."

ఆ మాటలో దెప్పు లేదు. లేదని ఆయనకీ తెలిసింది. అందుకే కాబోలు మొహం అటు తిప్పుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్క నుంచి చూస్తే ముసలివాడు. ఆమెకి జాలేసింది. జాలేసినా యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు.

రౌండు పూర్తయ్యే చోట రోడ్డు రెండుగా చీలింది. ఎడం పక్క మైదానంలో పెద్ద ట్రక్కు వాలు పలకలు దించుకుని సిద్ధంగా ఉంది. కుడి పక్కది ఊరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు.

"ఎడమకి, ఎడమకి" అన్నాడు కత్సుహికో. "మెల్లగా ఎక్కించు. మీటరు పెరిగిపోతుంది."

చిజురు చీలిక దగ్గర బండి ఆపింది. ఇంజను ఆపలేదు. కుడి వైపు ఇండికేటరు వేసి మొగుడి వైపు తిరిగింది.

"దిగుతారా, వస్తారా?"

జవాబు కోసం ఎక్కువసేపు ఆగే ఉద్దేశం ఆమెకి లేదు.