నాలుగో జ్వరం దాటాక సభ

సోమేనహళ్ళి పట్టు రైతుల కంపెనీ వాటాదారుల సభ ఎప్పుడు పెట్టినా పట్టుపురుగులు నాలుగో జ్వరం, అంటే పొర విడిచే ముందు మేత మాని పడుకునే నిద్ర, దాటాకే పెడతారు. నాలుగోసారి పొర విడిచిన పురుగులు ఆకు మీద పడి తింటుంటే పెంపకం షెడ్డంతా వాన కురిసినట్టు చప్పుడు. ఆ షెడ్డులో ఎవరైనా అబద్ధమాడితే పురుగులు మేత ఆపేస్తాయి. ఆడినవాళ్ళు మాట దిద్దుకునేదాకా ముట్టవు. అందుకే సభకు వేరే హాలు వెతకరు. చెప్పులు బయట వదలమని మాత్రం నోటీసులో రాస్తారు.

ఆ ఉదయం అధ్యక్షురాలు లక్ష్మీదేవమ్మ తట్టల్లో మల్బరీ ఆకు పరిచి, చేతులు తుడుచుకుని కూర్చుంది. ఎండాకాలంలోనూ గూడు పలచబడని పురుగు రకాన్ని ఏళ్ళ తరబడి ఏరి ఏరి తయారుచేసింది ఆమే. ఆ రకం గుడ్లు తయారుచేసే కేంద్రం కట్టి కంపెనీ అప్పులపాలైంది. వాటాదారుల భూముల కాగితాలు బ్యాంకులో ఉన్నాయి.

బెంగళూరు గుడ్ల కంపెనీ నుంచి వచ్చిన తేజస్ ముందు మాట్లాడాడు. "రకాన్ని పూర్తిగా మాకు అమ్మండి. అప్పంతా మేమే తీరుస్తాం. పేరూ హక్కూ మావి."

పురుగులు తింటూనే ఉన్నాయి.

బ్యాంకు అధికారిణి ప్రతిమ రెండో దారి చెప్పింది. "వాయిదాలు పొడిగిస్తాం. రకం మీ దగ్గరే ఉంచుకుని, గుడ్లు చేసుకునే అనుమతి వేరే కేంద్రాలకు ఇవ్వండి. వాళ్ళు అమ్మే ప్రతి గుడ్ల కాగితం షీటు మీదా మీకు రాయల్టీ వస్తుంది. మొదట్లో కొంచెమే. తర్వాత పెరగొచ్చు, హామీ ఇవ్వలేను."

పురుగులు తింటూనే ఉన్నాయి. అందరూ లక్ష్మీదేవమ్మ వైపు చూశారు.

"అమ్మేద్దామప్పా," అంది. "నాకేం కష్టం లేదు."

షెడ్డు నిశ్శబ్దమైంది. బయట కొళాయి కింద బిందె నిండడం వినపడింది.

ముందు వరసలో ముసలి రైతు ఆంజనేయప్ప తలగుడ్డ సర్దుకున్నాడు. "షెడ్డులో నోరు జాగ్రత్త అని ఇన్నేండ్లు మాకు చెప్తివి. ఇప్పుడు నువ్వే వాటి కడుపు మాడుస్తాండావు కదమ్మా."

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"సరే, కష్టంగానే ఉండాది," అంది. చప్పుడు మళ్ళీ మొదలైంది. "కానీ నా పంతానికి మీ భూములు పోతే మొగం యాడ పెట్టుకునేది?"

"ఆ భయం మాకు లేదులే," అన్నాడు ఆంజనేయప్ప.

పురుగులు ఆగిపోయాయి. ఈసారి తేజస్ కూడా నవ్వాడు.

"భయం ఉండాది," ముసలాయన ఒప్పుకున్నాడు. "అయినా అమ్మొద్దు. బాగేపల్లిలో, చింతామణిలో రైతులు కొనే గుడ్ల షీటు మీద మన ఊరి పేరు చదవాల నేను. అంతే."

ఆకు మీద వాన మొదలైంది. అమ్మొద్దని వాటాదారుల్లో ఒక్కొక్క చెయ్యే లేచింది. కాసేపటికి దించి ఉన్న చెయ్యి లేదు.

ప్రతిమ రాసుకుని తలెత్తింది. "వాయిదాలు కడతామని అధ్యక్షురాలు చెప్పాలమ్మా."

లక్ష్మీదేవమ్మ తట్టల వైపు చూసింది. ఇంతకాలం బ్యాంకులో చెప్పిన మాటే. ఇక్కడ ఎప్పుడూ చెప్పే ధైర్యం చెయ్యలేదు.

"కడతాం."

అందరూ చెవులు రిక్కించారు. చప్పుడు ఆగలేదు.

ఆమె కొంగు బిగించి లేచి నిలబడింది. "ఆకు అయిపోవస్తాండాది. లేయండప్పా, మేతేద్దాం."