చీటీలో మూడో గీత

పదకొండేళ్లుగా నా ఎడమ చెవి నాది కాదు. పొద్దున్న ఆరింటి నుంచి పదింటి దాకా అది ఊరందరిదీ. ఫోన్ మోగుతుంది, ఎత్తి "చెప్పండి" అంటాను, వాళ్లు చెబుతారు. ఎవరిని ప్రసారంలోకి పంపాలో, ఎవరికి దణ్ణం పెట్టి ఫోన్ పెట్టేయాలో తేల్చేది నేనే. గాజు గోడకి అవతల గదిలో మైకు ముందు కూర్చునే మనిషిని జనం కొరివి అంటారు. ఆ పేరు వాళ్లు పెట్టిందే. ఆయనతో మాట్లాడటమంటే కొరివితో తల గోక్కోవడమేనని తెలుసు. తెలిసీ రోజూ వరసలో నిలబడి మరీ గోక్కుంటారు.

మా దగ్గర చీటీల పద్ధతి ఉంది. ఒక్కొక్క ఫోన్‌కి ఒక్కొక్క చీటీ, దాని మీద మూడు గీతలు. మొదటి గీత మీద పేరు, రెండో దాని మీద సంగతి. మూడోదాన్ని మేం 'పుండు' అంటాం. ఫోన్ చేసిన మనిషికి ఎక్కడ నొప్పో అక్కడ రాయాలి. బట్టతల, తప్పిన పరీక్ష, మాటల్లేని అన్నయ్య, ఏదైనా సరే. పాట అయ్యేలోపు చీటీని గాజు గోడ కింది సందులోంచి అవతలికి తోస్తాను. కొరివి పై రెండు గీతలూ చదవడు. మూడోది చూసి మైకు దగ్గరికి జరిగి, సరిగ్గా అక్కడే పొడుస్తాడు. ఆయనకి మనసులో మాట పట్టేసే విద్య ఉందని జనం అనుకుంటారు. ఆ విద్య నాది. లైన్లో వేచి ఉన్న మనిషి ఊరికే ఉండలేడు. గొంతు కాస్త మెత్తగా పెట్టి, "ఏంటండీ, అలసిపోయినట్టున్నారు?" అంటే చాలు, కడుపులో ఉన్నదంతా బయట పెట్టేస్తాడు.

ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. పాతవాళ్ల చీటీలో మూడో గీత ఖాళీగా వదిలేస్తాను. వాళ్లు మా మనుషులు.

గుండీలావిడ అలాంటి పాత మనిషి. ఆవిడకి గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే చిన్న దుకాణం ఉంది. ఎనిమిదేళ్లుగా ప్రతి మంగళవారం దుకాణం తెరిచే ముందు ఫోన్ చేసి కొరివికి ఒక పొడుపుకథ వేసేది. ఆయనకి ఒక్కటీ విప్పడం చేతకాదు. ఊరంతటినీ ఉతికి ఆరేసే మనిషి ఆవిడ దగ్గర మాత్రం బుద్ధిగా "ఓడిపోయాను" అనేవాడు. ఆ మాట వినడానికే చాలామంది మంగళవారం రేడియో పెట్టేవాళ్లు. ఆవిడ నాకు అక్క, నేను ఆవిడకి చెల్లి. మొహాలు మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు.

మొన్న మంగళవారం ప్రకటనలు ఎక్కువై ఆవిడ లైన్లో చాలాసేపు ఉండాల్సి వచ్చింది. గొంతు ఎలాగో ఉందేంటక్కా అని అడిగాను. నాలుగు నెలల క్రితం భర్త చేతిసంచీ పట్టుకుని వెళ్లిపోయాడట. చెప్పి వెళ్లలేదు, ఉత్తరం ముక్క రాయలేదు. ఇరుగుపొరుగుతో వేరే ఊళ్లో పని దొరికిందని చెప్పుకుంటోందట. "నీకొక్కదానికే చెబుతున్నా చెల్లీ, ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది" అంది. నేను అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. అంటూనే చీటీ రాశాను, సందులోంచి తోశాను.

ఆ రోజు కొరివి పొడుపుకథ తానే వేస్తానన్నాడు. "ఇంట్లో ఉండడు, వీధిలో ఉండడు, పనికి పోయాడంటారు, పనెక్కడో చెప్పరు. ఎవరక్కా అది?" అని తానే పకపకా నవ్వాడు. అవతల మూడు క్షణాలు చడీచప్పుడూ లేదు. రేడియోలో మూడు క్షణాలంటే చాలా పెద్ద కాలం. తర్వాత ఆవిడ, "ఓడిపోయానండీ" అని ఫోన్ పెట్టేసింది.

ఆ పొడుపుకథ ఊరికి ఇట్టే అర్థమైంది. అప్పటినుంచి ఫోన్లు ఆగలేదు, నా చెవికి నిద్ర లేదు. మర్నాటికల్లా కొరివిని మైకు ముందు నుంచి లేపేశారు. ఆ వేళకి పాటలు వేస్తున్నారు. మేనేజరు నన్ను పై అంతస్తుకి పిలిపించాడు. ఫోన్ చేసినవాళ్ల అభిప్రాయాలు చీటీల మీద రాసి, కొరివిని ఉంచాలనేవాళ్లది ఒక కట్ట, పంపేయాలనేవాళ్లది ఒక కట్ట కట్టి శుక్రవారం మధ్యాహ్నానికి తెచ్చిమ్మన్నాడు. ఆగి, ఇంకో సంగతి కూడా తనకి తేలాలన్నాడు. ఆవిడ ఇంటి గుట్టు కొరివికి ఎలా తెలిసింది? మన ఆఫీసులోంచే బయటపడి ఉంటే, చెప్పిన మనిషి కూడా ఇంటికి పోవాల్సిందేనన్నాడు. పై అంతస్తువాళ్లకి మూడో గీత సంగతి తెలియదు. చీటీలు ఎప్పుడూ నా గదిలో మేకుకి గుచ్చి ఉంటాయి. కనుక్కుంటానండీ అని మెట్లు దిగి వచ్చాను.

కట్టలు కట్టడం తేలికని మేనేజరు అనుకున్నాడు. ఆయనకేం, ఆయన వినలేదు కదా. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారొకాయన కొరివి సమాజానికి పట్టిన చీడ అని పావుగంట తిట్టాడు. తిట్టి, రేపటి నుంచి మళ్లీ ఎన్నింటికి వస్తాడని అడిగాడు. మరి ఏ కట్టలో వేయమంటారని అడిగితే ఆలోచించి చెబుతానన్నాడు, ఇంతవరకు చెప్పలేదు. లారీ డ్రైవరొకడు, ఈయన తిట్లు లేకపోతే తనకి స్టీరింగ్ ముందు కునుకొస్తుందని, తనేమైనా అయితే పాపం మాదేనని అన్నాడు. ఒక నర్సు ఏడ్చింది. నెల రోజులు నీళ్లు రాని ఆమె వీధికి ఒక్క పొద్దున్న తిట్టి నీళ్లు తెప్పించింది కొరివేనట. ఉంచాలా అమ్మా అంటే, ఉంచొద్దు, అలాంటివాడు ఆడమనిషిని అంత మాట అన్నాడంటే భరించలేకపోతున్నాను అంది. మంగలి షాపాయన, కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు గొడవపడి, ఒకడు సగం గడ్డంతో లేచిపోయాడని చెప్పాడు. ఇంకొకతను, "అందరినీ సమానంగా తిడతాడండీ, అంతకంటే న్యాయం ఎక్కడుంది?" అన్నాడు. మిమ్మల్ని ఎప్పుడైనా తిట్టాడా అని అడిగాను. లేదట, ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాడట.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నాకైతే వినీ వినీ ఎవరి మీదా కోపం మిగల్లేదు. అందరూ ఆయన నోటి గురించే మాట్లాడుతున్నారు. చీటీ గురించి ఒక్కరూ అనలేదు. అనడానికి వాళ్లకి తెలిస్తే కదా.

ఇంట్లోనూ అదే రామాయణం. మా ఆయన బస్సుల డిపోలో మెకానిక్. రోజంతా ఇంజన్ల చప్పుడు విని వస్తాడు కాబట్టి ఇంట్లో ఎవరు మాట్లాడినా ఆయనకి తలనొప్పే. మా అత్తగారు మాత్రం కొరివికి వీరాభిమాని. పాటలు మొదలైన దగ్గర్నుంచి రేడియో కట్టేసి, మొహం మాడ్చుకుని కూర్చుంది. వాడు రాక్షసుడే కానీ అబద్ధాలకోరు కాదు అంటుంది. బుధవారం అన్నం వడ్డిస్తుంటే, ఇది ఎవరో దగ్గరి మనిషే మోసిన మాట, మోసినవాళ్లని వదిలేసి అన్నవాణ్ణి పట్టుకున్నారు అంది. నా చేతిలో గరిటె ఆగింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది.

నాకొక ధైర్యం లేకపోలేదు. ఆ చీటీలో నేను రాసింది నాకు బాగా గుర్తు. 'భర్త మాట ఎత్తకండి' అని రాశాను. జాగ్రత్త చెప్పడానికే రాశాను. చీటీలో ఉన్నవి మూడే గీతలు, వద్దని చెప్పడానికి వేరే చోటు లేదు, అందుకని మూడోదాని మీద రాశాను. ఆయన అలవాటు కొద్దీ సగమే చదివి ఉంటాడు. బుధవారమంతా నాకు నేను ఇదే చెప్పుకున్నాను.

గురువారం మధ్యాహ్నం కొరివి తన కప్పూ, కుర్చీలో వేసుకునే దిండూ పట్టుకెళ్లడానికి వచ్చాడు. మైకు లేకపోతే ఆ మనిషి ఇంతేనా అనిపించింది. దిండు చంకలో పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా నడవాలో నిలబడ్డాడు. నేను నా మాట చెప్పాను, ఎత్తొద్దని రాశాను కదా అన్నాను.

"అమ్మా," అన్నాడు, "పదకొండేళ్లలో నువ్వు మూడో గీత మీద ఏదైనా వద్దని రాశావా?"

నేను ఆయన చంకలో దిండు కేసి చూశాను.

"పైవాళ్లు అడిగారు, ఎలా తెలిసిందని. చెప్పలేదు, చెప్పను. అన్నది నా నోరు. దానికి నేనే పోతాను. నీ చెవి నీకు మిగలనీ."

దండం పెట్టాల్సింది పోయి ఆయన మీద ఒళ్లు మండింది. జన్మలో ఒక్కసారి పెద్దమనిషిగా ఉండాలనుకుంటే ఆయనకి నా నెత్తే దొరికిందా? ఆయన వెళ్లాక తలుపు వేసుకుని మేకు ముందు కూర్చున్నాను. మంగళవారం చీటీ రెండు రోజుల అభిప్రాయాల అడుగున ఉంది. ఒక్కొక్కటే తీసుకుంటూ పోయాను. దొరికింది.

మొదటి గీత మీద 'గుండీలావిడ'. రెండోదాని మీద 'పొడుపుకథ'. మూడోదాని మీద, 'భర్త వెళ్లిపోయాడు. పని మీద ఊరెళ్లాడని చెప్పుకుంటోంది.' ఎత్తకండి అని లేదు, వద్దు అనే మాటే లేదు. కింద మాత్రం రెండు అడ్డగీతలు గీసి ఉన్నాయి. మంచి పుండు దొరికినప్పుడు నేను గీసే గుర్తు అది. కలం ఎంత గట్టిగా నొక్కానంటే కాగితం చిరిగింది. అయ్యో అంటూనే గీశానన్నమాట. చీటీ మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. ఇంటికెళ్లి ఒంట్లో బాగోలేదని చెప్పి పడుకున్నాను. నిజంగానే బాగోలేదు.

శుక్రవారం పదకొండింటికి కట్టలు రెండూ తయారయ్యాయి. ఉంచాలన్నవి రెండువందల పన్నెండు, పంపేయాలన్నవి రెండువందల ఏడు. మాస్టారి చీటీ రెండింటికీ మధ్యలో గోడ మీద పిల్లిలా మిగిలిపోయింది. లేచి మెట్లెక్కుదామనుకుంటుండగా ఫోన్ మోగింది.

"చెల్లీ, నేను" అంది గుండీలావిడ.

ఎలా ఉన్నావక్కా అన్నాను. దుకాణంలోనే ఉన్నానంది. మూడు రోజులుగా జనం గుండీలు కొనే నెపంతో వచ్చి తన మొహం చూసి పోతున్నారంది. ఆ మాట చెప్పేటప్పుడూ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఒకటడుగుతాను, కాదనకు. మా ఆయన మీ ఆఫీసుకి ఫోన్ గానీ చేశాడా?"

నాకు అర్థం కాలేదు.

"రాత్రీ పగలూ ఇదే ఆలోచించాను. ఈ సంగతి నేను నీకు తప్ప పురుగుక్కూడా చెప్పలేదు. నువ్వా, చెప్పే మనిషివి కావు. మరి మీ కొరివికెలా తెలిసింది? మా ఆయనే చెప్పి ఉండాలి. అంటే ఎక్కడో రేడియో వింటున్నాడన్నమాట. బతికున్నాడన్నమాట. నెంబరేమైనా రాసుకున్నారేమో చూడవా తల్లీ."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చూస్తానక్కా అంటే సరిపోయేది. ఆవిడకో నాలుగు రోజుల ఆశ, నాకు నా కుర్చీ. కొరివి ఎటూ నోరు విప్పడు. కర్ర విరగకుండా పాము చావకుండా అన్నీ సర్దుకునేవి. జాకెట్లో చీటీ గుచ్చుకుంటోంది.

"లేదక్కా. ఆయన ఫోన్ చేయలేదు. నేనే రాసిచ్చాను."

నేను మూడో గీత సంగతంతా చెప్పాను, అడ్డగీతల సంగతీ చెప్పాను. మధ్యలో అవతల దుకాణం తలుపు చప్పుడైంది. ఎవరో వచ్చి చొక్కా గుండీలు అడిగారు. ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టినట్టుంది. తెల్లవా, నీలమా అని అడగడం, డబ్బాలో వెతకడం, ఆరు ఏరి ఇవ్వడం అన్నీ వినిపించాయి. పదకొండేళ్లలో ఇంతమందిని లైన్లో ఉంచాను, నన్నెవరూ ఉంచలేదు. పెట్టేయకుండా కూర్చున్నాను.

"ఉన్నారా?" అంది చివరికి.

"ఉన్నానక్కా."

"నా అభిప్రాయం కూడా రాసుకోండి. ఆయన్ని ఉంచమనే కట్టలో వేయండి." అవతల గుండీల డబ్బా మూత పెట్టిన చప్పుడైంది. "ఆయన నోరెలాంటిదో తెలిసే ఫోన్ చేసేదాన్నండీ. అందుకే ఆయనకి పొడుపుకథలు చెప్పాను, మీకు నా కష్టం చెప్పాను."

ఫోన్ పెట్టేసింది. నేను చీటీ తీసుకుని మొదటి గీత మీద ఆవిడ పేరు రాశాను, రెండోదాని మీద 'ఉంచాలి' అని రాశాను. మూడోది ఖాళీగా వదిలేశాను. దాన్ని కట్టలో పెట్టి, రెండు కట్టలూ పట్టుకుని మెట్లెక్కాను.

మేనేజరు కట్టలు చేతితో బరువు చూసి, దాదాపు సమానంగానే ఉన్నాయే అని నిట్టూర్చాడు. నేను మంగళవారం చీటీ మడత విప్పి వాటి పైన పెట్టాను. ఆయన చదివాడు. మళ్లీ చదివి, అడ్డగీతల మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరు రాశారమ్మా?" అన్నాడు.

"నేనేనండీ" అన్నాను.