తిరిగి ఎంతకు కొంటారు?

పొద్దున పాన్‌కేకులు తిని హోటల్ బయటకు రాగానే, గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చున్న మనిషి డార్సీని పిలిచాడు.

"ఫిడేలు కచేరీకి మూడు టికెట్లు, పైసా ఇవ్వక్కర్లేదు. ఓ గంటన్నర కూర్చుని మా వాళ్ళు చెప్పేది వింటే చాలు. వస్తారా?"

డార్సీకి పదిహేనేళ్ళు. 'వద్దు' అనే మాట ఆమె గొంతులో బయల్దేరుతుంది, పళ్ళ దాకా వస్తుంది, అక్కడ సిగ్గుపడి వెనక్కి పోతుంది. ఇప్పుడూ అదే అయింది. తల ఊపేసింది.

అమ్మమ్మ నేవా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఈ బ్రాన్సన్ ఊరికి వచ్చి ఫిడేలు వినాలని ఆమెకు పెళ్ళయిన కొత్తల్లోంచి కోరిక. తాత వెర్లిన్ ప్రతి ఏడూ టికెట్టు ధర చూసి, "ఇంత డబ్బు పెడితే ఫిడేలే వస్తుందే" అనేవాడు.

అలా ముగ్గురూ ఆ పెద్ద హాల్లో గుండ్రటి బల్ల దగ్గర చేరారు. ఎటు చూసినా సరస్సు బొమ్మలే, గడియారం మాత్రం ఎక్కడా లేదు. కచేరీ రెండింటికి. గంటన్నర ఎప్పుడో దాటిపోయిందని డార్సీకి కడుపే చెబుతోంది.

బ్రెంట్ అనే కుర్రాడు వీళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు. వచ్చీ రాగానే తాత టోపీ మెచ్చుకున్నాడు. తర్వాత తాత ఆవుల్ని, వాటి మేతని, చివరికి తాత చేతుల మీది కాయల్ని కూడా మెచ్చుకున్నాడు. అమ్మమ్మ ప్లేటులో కుకీలు అయిపోకుండా చూశాడు.

"ఏడాదికో వారం సరస్సు పక్కన ఇల్లు మీదే వెర్లిన్ గారూ. టైంషేర్ అంటే ఖర్చు కాదండీ, వారసత్వం. మీ తర్వాత మన డార్సీది."

"ఆ ఇల్లు ఒకసారి చూపిస్తావా బాబూ?" అంది అమ్మమ్మ.

"మీకు మేడ మీద చూపించాం కదమ్మా, అచ్చు అలాంటిదే."

"అలాంటిది కాదు, మాకిచ్చేది."

"అది ఇంకా కడుతున్నారమ్మా." బ్రెంట్ ఇంకో కుకీ అందించాడు.

పక్క బల్ల దగ్గర ఎవరో కొన్నారట. గంట మోగింది, హాలంతా చప్పట్లు. తాత కూడా ఎందుకో తెలియకుండానే కొట్టాడు. ఇంతలో మేనేజరమ్మ వచ్చి కాయితం మీద ధర కొట్టేసి తక్కువ రాసింది. కాసేపాగి అదీ కొట్టేసింది.

"ఈ ధర ఈ గదిలోనే, ఈ రోజే."

"కాయితాలు ఇంటికి తీసుకెళ్ళి మా పాస్టరు గారికి చూపిస్తాం," అంది అమ్మమ్మ.

"కాయితాలు బయటకి ఇవ్వమమ్మా. కంపెనీ రూలు."

"మరి ఏటేటా కట్టాల్సిన ఖర్చు? అది పెరగదా?"

"కొద్దిగానే," అన్నాడు బ్రెంట్, ఎంత కొద్దో చెప్పకుండా.

డార్సీకి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. శనివారం పశువుల వేలంలో తాత పక్కన చెక్కబల్ల మీద కూర్చుని ఆమె ఇలాంటివి ఎన్ని చూసింది! ఆవును నడిపించమంటే మాట మార్చేవాడు, 'ఇప్పుడు కొనకపోతే అవతలాయన కొంటాడు' అని తొందరపెట్టేవాడు, పళ్ళు చూడకముందే భుజం తట్టేవాడు. అలాంటి వాళ్ళు తారసపడితే తాత టోపీ వెనక్కి నెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. దాంతో సగంమంది ఆకాశం వైపు చూస్తారు. ఈ రోజు ఆ ప్రశ్న తాత నోటి నుంచి రావడంలేదు. టోపీ మెచ్చుకున్నప్పటి నుంచి ఆయన దాన్ని సర్దుకుంటూనే ఉన్నాడు.

"నేవాని ప్రతి ఏడూ సరస్సుకి తీసుకురావచ్చు," అన్నాడు తాత మెత్తగా. అంతటితో ఆగకుండా డార్సీ వైపు తిరిగాడు. "మొదటి కిస్తీకి నీ ఎర్ర పెయ్యని అమ్ముదామా అమ్మలూ? సంతలో పోటీకి నీకు ఇంకోటి కొనిపెడతాలే."

ఎర్ర పెయ్య అంటే జింజర్. తల్లి పాలివ్వకపోతే డార్సీయే సీసాతో పాలు పట్టి పెంచింది. ఆగస్టులో కౌంటీ సంతలో జరిగే పశువుల పోటీలో దాన్ని పట్టుకుని అందరి ముందూ నడవాలి. అది తలుచుకుంటేనే సిగ్గు, అయినా జింజర్ పక్కనుంటే నడవగలననుకుంది.

అందరూ ఆమెకేసే చూస్తున్నారు. 'వద్దు' బయల్దేరింది, పళ్ళ దాకా వచ్చింది, ఆగిపోయింది. మెడ అప్పుడే సగం కిందికి వంగింది. ఇంకొంచెం వంగితే అవునన్నట్టే.

వద్దనడం చేతకాదు. అడగడం వచ్చేమో.

"బ్రెంట్ గారూ," అంది, బల్లకేసే చూస్తూ. "వచ్చే శనివారం మేమే దీన్ని మీ దగ్గరికి తెస్తే, తిరిగి ఎంతకు కొంటారు?"

బ్రెంట్ పెన్ను ఆగింది. "అంటే... మేం తిరిగి కొనమమ్మా. బయట అమ్ముకోవచ్చు."

"బయట ఎంత పలుకుతుంది?" ఈసారి అడిగింది తాత. టోపీ వెనక్కి వెళ్ళిపోయింది.

బ్రెంట్ పైకప్పు వైపు చూశాడు. మేనేజరమ్మ అందుకుంది. "దీన్ని అలా చూడకూడదండీ. ఇది ఆనందం."

"ఇందాక వారసత్వం అన్నారుగా? మీరే కొననిదాన్ని నా మనవరాలి మెడకి ఎందుకమ్మా కట్టడం?" తాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. "నా ప్రశ్న నేవా! నా ప్రశ్నని నేనే మర్చిపోయానే! ఈ కుర్రాడు టోపీ బావుందన్నాడు, అంతే, బోర్లా పడ్డా."

"నలభై ఏళ్ళలో నేనొక్కసారన్నా ఆ మాట అనుంటే నీకు పొగడ్తలకి ఇంత ఆకలి ఉండేది కాదులే," అంది అమ్మమ్మ. "ఏమ్మా, మా టికెట్లు?"

మేనేజరమ్మ మొహం బిగిసింది. "కాస్త టైం పడుతుంది."

"పట్టనీ తల్లీ, తొందరేముంది?" అమ్మమ్మ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "ఈలోగా మా చెల్లెలి మోకాలి ఆపరేషన్ సంగతి చెబుతా. మొదట ఎడమ మోకాలు..."

కుడి మోకాలు రాకముందే టికెట్లు వచ్చాయి. వస్తూ వస్తూ అమ్మమ్మ బ్రెంట్ చేతిలో ఒక కుకీ పెట్టింది. "పొద్దుట్నించీ నువ్వు ఒక్కటీ తిన్లేదు నాయనా." బ్రెంట్ మొదటిసారి నిజంగా నవ్వాడు. "మీ పెయ్య ఫస్టు రావాలి," అని డార్సీకి గొంతు తగ్గించి చెప్పాడు.

కచేరీలో మొదటి పాట సగం పోయింది. మిగిలినదంతా అమ్మమ్మ నిలబడే విన్నది. వెనక వాళ్ళు కూర్చోమంటే, "మీరూ లేవండి!" అంది. లేచారు కూడా. తాత బూట్లతో తాళం వేశాడు.

బయటకొస్తే గొడుగు కింద ఆ మనిషే. "అమ్మాయ్! రేపు ముగ్గురికీ డిన్నర్, ఊరికే! ఓ గంటన్నర..."

"వద్దండీ!"

ఎంత గట్టిగా వచ్చిందంటే రోడ్డుకి అవతల ఎవరో వెనక్కి తిరిగి చూశారు. డార్సీ నోటి మీద చెయ్యి వేసుకుంది. తాత, అమ్మమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వద్దండీ," అని ఇంకోసారి అంది, రుచి చూస్తున్నట్టు. బావుంది.

"ఈ సంతోషానికి ఐస్‌క్రీమ్ తిందామా?" అన్నాడు తాత.

"వద్దు!" అనేసింది డార్సీ, అదే ఊపులో.

తాత సరేనని ట్రక్కు వైపు నడిచాడు. ఆమె పరుగెత్తి ఆయన చొక్కా పట్టుకుంది. "అయ్యో తాతా, అది కాదు, అది కావాలి!"