వాసా అవ్వ కూర్చున్న గొయ్యి

మైదానంలో హద్దురాళ్లు పాతడానికి మునిసిపాలిటీ బండి బయల్దేరిందని జిగి పరుగెత్తుకొచ్చి చెప్పేసరికి, మేమింకా మొదటి విడత టీలోనే ఉన్నాం. మా జట్టుది మూడు విడతల టీ. మొదటిది చేదు, చివరిది తీపి. ఆ రెంటి మధ్య మేం రోజుకోసారి దేశాన్ని బాగుచేసి పెడుతుంటాం. కరెంటు ఎందుకు పోతోంది, డిగ్రీ పట్టాలు పుచ్చుకున్నవాళ్లు మోటారుసైకిళ్ల మీద జనాన్ని ఎందుకు తిప్పుతున్నారు, సముద్రం దాటబోయి తిరిగిరాని కుర్రాళ్ల ఊసు ఏ మంత్రీ ఎందుకు ఎత్తడు, ఇలాంటివన్నీ మాకే కావాలి. అందరికంటే ఎక్కువ మాట్లాడేది నేనే. పేరు న్యెలే ట్రవోరే. న్యాయశాస్త్రం రెండో ఏడు చదువుతున్నాను. నోటికి అదుపు లేదని మా అమ్మ రోజూ మొత్తుకుంటుంది.

ఈసారి మాత్రం దేశం నేరుగా మా పేటకే వచ్చేసింది. బమాకో నగరం పెరిగి పెరిగి మమ్మల్ని మింగాక, మాకు మిగిలిన ఖాళీ జాగా ఆ ఒక్క మైదానమే. పండగ నమాజు అక్కడే, పెళ్లి డోళ్లు అక్కడే. సాయంత్రాలు నేను ఆడపిల్లలకు బంతాట నేర్పేదీ అక్కడే. దాన్ని ముక్కలు చేసి ఎవరో పెద్దమనుషులకు ఇచ్చేశారట! మాకు ఒక్క మాటైనా చెప్పలేదు. నా ఒళ్లు మండిపోయింది.

జిగి అప్పుడే రాళ్లు ఏరుతున్నాడు. వాడి వెనక ఇంకో పదిమంది.

"పారెయ్‌రా వాటిని! ఒక్క రాయి లేచిందంటే పోలీసులొస్తారు. మైదానమూ పోతుంది, నువ్వూ పోతావు," అన్నాను.

"మరి ఏం చేద్దామే? టీ ఇచ్చి పంపుదామా?"

"ముందు ఆ బండితో వచ్చే ఆఫీసరు ఇంటిపేరు చెప్పు."

జిగి తల గోక్కున్నాడు. "జారా. మొన్న నామకరణంలో చూశాగా. ఆయనా ఇంకొకాయనా 'ఓరి బొబ్బర్లమేతా' అంటే 'నువ్వే బొబ్బర్లమేత' అని ఒకటే తిట్టుకోవడం. ఒకాయన జారా, ఒకాయన ట్రవోరే అని పక్కనోళ్లు చెప్పారు. ఈయనే జారా."

నేను ఎగిరి గంతేశాను. జారాలంటే మా వేళాకోళపు వరస. తాతల నాటి నుంచీ ట్రవోరేలం వాళ్లను బానిసలంటాం, బొబ్బర్లు మేసే మొహాలంటాం. వాళ్లూ మమ్మల్ని అచ్చంగా అవే మాటలంటారు. అక్కడ వయసు లేదు, హోదా లేదు. కోపం తెచ్చుకున్నవాడికే నవ్వుబాటు. పైగా వరసైనవాళ్లు నలుగురిలో ఏదైనా అడిగితే కాదనడం మహా కష్టం. చట్టం చెయ్యలేని పని నా ఇంటిపేరు చేసిపెడుతుందని సంబరపడిపోయాను.

బండి ఆగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర టోపీ పెట్టుకుని, గంజి పెట్టిన నీలం అంగీతో ఆఫీసరు దిగాడు. కూలీలిద్దరు మైదానం నడిబొడ్డున గునపం దించారు. పేట పేటంతా చుట్టూ మూగింది. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఆయన ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను.

"ఏరా బొబ్బర్లమేతా! మా పొలంలో కలుపు తీసే బానిసవి, కళ్లద్దాలెప్పుడు కొన్నావ్? ఎవర్నడిగి మా నేల తవ్విస్తున్నావ్? ఆ టోపీ ఇటు తే, మా మేకకు మేతేస్తా!"

జనం గొల్లుమన్నారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు హుషారొచ్చి ఇంకో నాలుగు కలిపాను.

ఆఫీసరు నవ్వలేదు. మెల్లగా కళ్లద్దాలు తీశాడు.

"ఎవరమ్మాయివే నువ్వు?"

"ట్రవోరేని! నీ యజమానురాలిని!"

"నేనూ ట్రవోరేనే," అన్నాడాయన. "చెమోకో ట్రవోరే."

తిట్లు రెండువైపులా ఒకటే కదా, జిగిగాడు మనుషుల్ని తారుమారు చేశాడు! నా ఇంటిపేరే ఉన్న, తండ్రి వయసు పెద్దాయన్ని పేటందరి ముందూ బానిసా అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. గబుక్కున మోకాళ్ల మీద పడ్డాను.

"నాన్నా, తప్పయిపోయింది."

"ఇదేనా మీ చదువు?" అని, ఆయన కూలీల వైపు తిరిగి "కానివ్వండి" అన్నాడు. గొయ్యి లోతవుతోంది. కుర్రాళ్ల చేతులు మళ్లీ రాళ్ల మీదికి పోతున్నాయి. అంతా నా వల్లే చెడిందని నాకు ఏడుపొచ్చింది.

"ఆగండెహె!"

ఆ గొంతు వాసా అవ్వది. మైదానం మూల వేరుశెనక్కాయలు వేయించి అమ్మే ముసలమ్మ. వేయించే గరిటె చేత్తోనే పట్టుకుని వచ్చేసింది.

"తిట్లు తగలాల్సినోడికే తగిలినయ్. తిట్టాల్సిన నోరే వేరు. నేను వాసా జారాని! ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి తిడతా, ఇనుకో. ఒరే చెమోకో, బొబ్బర్లమేతా! మీ తాత మా ఇంట్లో బొబ్బర్లు దొంగిలిస్తే మా నాయనమ్మ ఇదే గరిటెతో తరిమింది. ఇవాళ నువ్వు మైదానం దొంగిలిస్తన్నావా?"

అంటూనే పావడా కుచ్చెళ్లు పైకి దోపుకుని, గోతిలోకి దిగి చతికిలబడింది.

"పాతరా! మీ రాయి నా నెత్తిన పాతు!"

కూలీలు గునపాలు కింద పెట్టేశారు. మరి పెట్టరా? మా దగ్గర ట్రవోరే చచ్చిపోతే జారాలు సమాధిలో దిగి పడుకుని, అడిగింది ఇచ్చేదాకా శవాన్ని దించనివ్వరు. హద్దురాయి ఒక లెక్కా!

"అవ్వా, లే," అన్నాడు ఆఫీసరు. మూతి బిగించాడుగానీ బుగ్గలు అదురుతున్నాయి.

"అవ్వేంట్రా? యజమానురాలా అను!"

ఇక ఆయన వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని నవ్వేశాడు. ఆయన నవ్వగానే కూలీలు, వాళ్ల వెనక డ్రైవరు, పేటంతా.

"ఏం కావాలి యజమానురాలా?"

"నాకేం కావాలి, శెనక్కాయ కొరకడానికి పళ్లే లేవు. కావాల్సింది ఆ పిల్లకి. అడగవే! ఇంకా మోకాళ్ల మీదే ఉన్నావేం?"

లేచి నిలబడ్డాను. టీ దగ్గర గంటలకొద్దీ దంచిన ఉపన్యాసాల్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. గుర్తుకొచ్చింది చెప్పాను.

"నాన్నా, మీరు నాకు తండ్రి వరస. కూతుళ్లు ఆడుకునే చోటు పంచిపెట్టే ముందు వాళ్లనొక మాట అడగాలి. ఈ సంగతి మునిసిపల్ కౌన్సిల్లో పెట్టండి, మమ్మల్ని పిలవండి. మా మాట వినేదాకా ఇక్కడ రాయి పడకూడదు."

ఆయన కళ్లద్దాలు అంగీ కొసతో తుడుచుకున్నాడు. "నా చేతుల్లో లేదమ్మా. పైవాళ్లు చెప్పారు."

"పైవాళ్లలో ట్రవోరేలు లేరా?" గోతిలోంచి గరిటె పైకి లేచింది. "వాసా జారా గోతిలో కూచుందని చెప్పు వాళ్లక్కూడా!"

"సరే. సోమవారం కౌన్సిల్లో పెడతాను. రాళ్లు వెనక్కి తీసుకెళ్తాం."

"గట్టిగా!"

"సోమవారం! రాళ్లు వెనక్కి!" అని ఆయన అరిచాడు. ఆడవాళ్ల కేకలతో మైదానం మోగిపోయింది. జిగి చేతిలో రాయి ఎప్పుడు పారేశాడో నేను చూడనేలేదు.

తీరా చూస్తే అవ్వ లేవలేకపోయింది. "రెండుపక్కలా ట్రవోరేలు పట్టి లాగండి, బానిసలుండి ఏం లాభం!" అంటే, ఆయనొక చెయ్యి, నేనొక చెయ్యి పట్టి పైకి లాగాం. పైకొస్తూనే ఆయన టోపీ ఊడబెరికి నా నెత్తిన పెట్టింది.

"తాకట్టు! సోమవారం పిల్ల కౌన్సిల్‌కి తెస్తది, మాట నిలబెట్టుకుని తీసుకో."

ఆయన బట్టతల తడుముకుంటూ నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "అక్కడ నేను అవతలి పక్షాన మాట్లాడాలమ్మా, అది నా ఉద్యోగం. వేళాకోళాలు పనిచెయ్యవు. బాగా చదువుకుని రా."

"వస్తాను నాన్నా," అన్నాను. భయమేసింది, కానీ ఆ భయమూ నాకు భలే నచ్చింది.

బండి వెళ్లాక జిగి పార తెచ్చి గొయ్యి పూడుస్తానన్నాడు. వద్దన్నాను. మేం గెలిచింది సోమవారం దాకానే. ఆ సంగతి అందరి కళ్ల ముందూ ఉండాలి. మూడో విడత టీకి పిలుస్తున్నా పోకుండా, కళ్ల మీదికి జారే టోపీని వెనక్కి నెట్టుకుంటూ, గొయ్యి చుట్టూ బంతి తీసుకెళ్లడం పిల్లలకు నేర్పించాను.