మంచు ఊరిలో మూడు రోజులు

“కరెంటుకు అంటు లేదు” అని మా అత్తమ్మ జానకమ్మ తీర్పు చెప్పిన రోజు నుంచి నాకు నెలలో మూడు రోజులు కొత్తగా పుట్టాయి.

అంతకు ముందు ఆ మూడు రోజులూ నేను ఇంటి వెనక రేకుల షెడ్డులో, బట్టలుతికే బండ పక్కన చాప వేసుకుని కూర్చునేదాన్ని. పెన్‌పహాడ్‌లో మా అమ్మగారింట్లో ఇంత పట్టింపు లేదు. దీపం పెట్టకపోతే చాలు, బర్రెల పనీ పొలం పనీ ఎట్లాగూ తప్పేది కాదు. సూర్యాపేటలో అత్తగారింట్లో మాత్రం వంటింటి గడప తొక్కొద్దు, మంచినీళ్ల బిందె ముట్టొద్దు, నా కంచం నాకే. ఇంటిల్లిపాది మాసిన బట్టలు మాత్రం నా దగ్గరికే వచ్చేవి, నీళ్లల్లో తడిస్తే మైల పోతుందని. నేను దేవుణ్ని నమ్మే మనిషిని. దీపం పెట్టకుండా చాయ కూడా తాగను. పెద్దలు ఏదో తెలిసే చెప్పి ఉంటారని ఊరుకునేదాన్ని. కానీ బట్టలు పిండుతుంటే ఒక ప్రశ్న లోపల తిరిగేది: బియ్యం కడగడానికి పనికిరాని చేతులు సబ్బు నురగకు ఎట్లా పనికొచ్చాయి?

రెండు వేల ఆరులో మా ఆయన జగదీశ్ ఇంటి ముందు గదికి షట్టర్ పెట్టించి ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ తెరిచాడు. పొద్దున పది దాటితే సాయంత్రం నాలుగు దాకా కాలేజీ పిల్లలు రారు. ఆ వేళ షాపు చూసుకోవడం నా పని. ఆయన తిని పడుకునేవాడు. “ఊకె కూసునుడే గద, నీకేం కష్టం” అనేవాడు. ఆ ఊకె కూర్చున్న చోటనే నేను చిక్కుడుకాయల ఈనెలు తీసేదాన్ని, బియ్యం ఏరేదాన్ని, రెండో తరగతి చదివే మా గోపికకు యూనిఫాం గుండీలు కుట్టేదాన్ని.

షాపు తెరిచిన మొదటి నెల నేను బయట చేరినప్పుడు ఆయనకు పరేషాన్ అయింది. పగటి నిద్ర పోతుంది కదా. తల్లిని అడిగాడు. అత్తమ్మే దారి చూపింది.

“షాపు ఇల్లు గాదు బిడ్డా. గాడ కూసోవచ్చు. లక్ష్మమ్మ పటం నేను లోపటికి తెచ్చుకుంట.”

“కంప్యూటర్ ముట్టాలె గదనే అమ్మా.”

“ముట్టనీ. కరెంటుకు అంటు లేదు. బయటున్నామె సుచ్ ఏస్తే బుగ్గ ఎలగకుంట ఉంటదా?”

అట్లా నేను షెడ్డులో నుంచి ముందు గదికి వచ్చాను. మూడు రోజులు నన్ను ఎవరూ లోపలికి పిలవరు, పిలిచినా నేను పోకూడదు. పెళ్లయిన పదేళ్లలో ఎవరూ పిలవని గంటలు ఎట్లా ఉంటాయో అప్పుడు తెలిసింది. మొదటి రోజు ఉత్తగా గోడ చూస్తూ కూర్చున్నాను. రెండో రోజు ఆట తెరిచాను.

అది కాలేజీ పిల్లలు ఎగబడి ఆడే యుద్ధం ఆట. ఎప్పటిదో పాత యుద్ధం, ఏదో చలిదేశం. ఆట తెరిచి ఇవ్వడం, ఏ మీటకు ఏమైతదో చెప్పడం ఆయనే నాకు నేర్పాడు. “తెరిచి ఇచ్చుడు వస్తే సాలు. ఆడుడు నీతోని కాదు” అన్నాడు. తెర మీద రెండు చేతులు, ఆ చేతుల్లో తుపాకి, ఎదురుగా మంచు పడుతున్న ఊరు. ఆడేవాళ్ల ముఖం కనబడదు. ఆ చేతులకు గాజులు లేవు. ముందుకు పోయే మీట నొక్కితే నేనే నడుస్తున్నట్టు గోడలు పక్కనుంచి కదిలాయి. నెత్తి మీద కొంగు సరిగ్గా ఉందా అని చూసేవాళ్లు లేకుండా ఒక వీధిలో నడవడం నాకు అదే మొదలు.

ఒక మూల తిరగగానే బూడిదరంగు కోటు సిపాయి ఎదురైతే భయపడి మీట నొక్కాను. అతను పడిపోయాడు. “రామ రామ” అని రెండు చేతులూ జోడించాను. ఆ జోడించిన కాసేపట్లోనే ఇంకొకడు నన్ను కాల్చేశాడు.

చీమను తొక్కితే మనసు చివుక్కుమనే దాన్ని, ఈ ఆట ఎందుకు ఆడుతున్నానని ఎన్నోసార్లు అనుకున్నాను. నిజం చెప్తే నేను కాల్చడానికి పోలేదు, ఇళ్లు చూడటానికి పోయాను. ఆ ఊళ్లో ఇళ్ల తలుపులు తెరుచుకునేవి. లోపల బల్ల, కుర్చీలు, గోడకు తగిలించిన గిన్నెలు, పొయ్యి మీద పెద్ద కుండ. కిటికీకి పూల పరదా. ఒక ఇంట్లో చంటిపిల్లల మంచం. ఒక్క ఆడమనిషి లేదు. ఎంత వెతికినా లేదు. కింద, మేడ మీద, గడ్డివాములో, ఎటు చూసినా సిపాయిలే. ఆ పరదా ఎవరు కుట్టారు? పొయ్యి మీద కుండ పెట్టినామె ఎటు పోయింది? ఆట చేసినవాళ్లకు గిన్నెలు గుర్తున్నాయి, తోమినవాళ్లు గుర్తు లేరు. నెలనెలా నేను ఆమెను వెతుక్కుంటూ ఒక్కో ఇల్లు దాటాను. ముందు ఇంటికి పోవాలంటే కాల్చక తప్పేది కాదు. కాల్చాను. ప్రతిసారీ మనసులో క్షమించమన్నాను.

ఒకరోజు ఆయన వెనక నిలబడి చూస్తున్నాడని నాకు తెలియలేదు.

“ఓహో! మిలిటరీల చేరినవా? పొద్దటి సంది ఎన్నిసార్లు సచ్చినవ్?”

“పదకొండు” అన్నాను, నిజమే కాబట్టి.

ఆయన పడీపడీ నవ్వాడు. సాయంత్రం కాలేజీ పిల్లల ముందు కూడా చెప్పాడు. “మా ఇంటామె గన్ను పడితే అవతలోడు భయంతోని గాదు, నవ్వలేక సస్తడు.” వాళ్లూ నవ్వారు. నేను చాయ గ్లాసులు ఎత్తుకుని పక్క సందులోంచి వెనక బండ దగ్గరికి పోయాను.

ఆ పదకొండు సార్లు చచ్చింది ఒక్క చోటే. ఊరి నడుమ విరిగిన చర్చి ఉంది, దానికొక గంట గోపురం. గోపురం మీద ఒక తుపాకివాడు. కింద సగం కూలిన పిట్టగోడ. ఆ గోడ చాటున కూర్చుంటే వాడికి కనబడం. కానీ అటునుంచి కాల్పులు వినబడగానే నేను లేచేదాన్ని. లేవడం నా ఒంట్లోనే ఉంది. కంచం ముందు కూర్చున్నా, పిల్లకు జడ వేస్తున్నా, జ్వరంతో పడుకున్నా “స్వర్ణా” అనే మాట వినబడితే నా కాళ్లు నన్ను అడగకుండానే లేచేవి. ఆ గోడ దగ్గర లేచినప్పుడల్లా చచ్చాను. లేవకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పక్కన ఇటుక పెళ్లలు లేచిపడతాయి. అయినా లేవొద్దు. వాడి కన్ను పక్కకు తిరిగేదాకా లేవొద్దు.

రెండు వేల ఏడు కార్తీకంలో అత్తమ్మ మొక్కు బయటపెట్టింది. కోడలి కడుపున మగపిల్లగాడు కావాలని ఐదు పున్నాలు వరసగా సత్యనారాయణ వ్రతం. పీటల మీద కూర్చునేది మేమిద్దరం. నాకు సంతోషమే అయింది. వ్రతం అంటే నాకు ఇష్టం. కానీ నా లెక్క ప్రకారం నాకు వచ్చేది పున్నం తెల్లారి.

“తెల్లారంటే తెల్లారే వస్తదా? మాత్రలు ఏసుకోవాలె. ఐదు నెలలు” అన్నది అత్తమ్మ.

నెలసరి ఆపే ఆ మాత్రలు నాకు తెలియనివి కావు. ఆ ఏడాది పెద్దగట్టు జాతరకు వేసుకున్నాను, మళ్లీ ఆడబిడ్డ రోజా వాళ్ల కోదాడ ఇంటి గృహప్రవేశానికి. రెండోసారి తర్వాత పద్దెనిమిది రోజులు నెత్తురు ఆగలేదు. కళ్లు తిరిగి బండ మీద పడితే దవాఖానకు తీసుకుపోయారు. “మాటిమాటికి మింగితే ఒళ్లు ఖరాబైతదమ్మా, ఇక వద్దు” అని డాక్టరమ్మ చెప్పింది. కొడుకు కోసం పూజ, ఆ పూజ కోసం కడుపును ఆపే మాత్ర. ఈ మాట ఆయనతో అంటే “డాక్టర్లు గట్లనే అంటరు. అందరాడోళ్లు ఏసుకుంటలేరా?” అన్నాడు.

ఐదు నెలలు. నా ఒంటి సంగతి సరే, నా మూడు రోజులు కూడా ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో లేదో. అంటరానిదని ఇచ్చినవే కావచ్చు, అవి తప్ప నాకు వేరే లేవు.

ఆయన తెచ్చిన మాత్రలు పొద్దుకొకటి, మాపుకొకటి తీసుకుని, షెడ్డు వెనక జాలారి తూములో వేసి నీళ్లు పోశాను. అత్తమ్మ అడిగితే “అయింది” అన్నాను. అబద్ధం కూడా కాదు, మాత్ర అయిపోయింది కదా అని మనసుకు చెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు. అయినా నా లెక్క మీద నమ్మకం. ఎప్పుడూ తప్పలేదు.

పున్నం రోజు ఇల్లు నిండింది. ముప్పై మంది దాకా చుట్టాలు. రోజా ముందు రోజే దిగింది. “వదినా, ముఖం ఏంటి అలా పీక్కుపోయింది? మాత్రలు పడలేదా?” అని అందరి ముందే అడిగింది. ఎందుకైనా మంచిదని లోపల బట్ట పెట్టుకునే పట్టుచీర కట్టాను. పీటల మీద కూర్చున్నాక ఆయన కండువాకు నా కొంగు ముడివేశారు. అయ్యగారు కలశం పెట్టి కథ మొదలుపెట్టారు. ఒక్కో కథ అయ్యాక కొబ్బరికాయ. ఒకటి, రెండు, మూడు. నాలుగో కథ సగంలో, నడుము కింద సన్నగా లాగినట్టయింది. తర్వాత వెచ్చగా తెలిసింది.

లెక్క ఒక్క రోజు తప్పింది.

నా చేతిలో అక్షింతలు తడిసిపోయాయి. లేచి చెప్తే పూజ ఆగుతుంది. కలశం, ప్రసాదం, వండిన వంట అన్నీ మైలపడ్డాయంటారు. ముప్పై మంది నోళ్లల్లో నా ఒంటి సంగతి. మాత్రల అబద్ధం కూడా బయటపడుతుంది. లేవకపోతే? నా పక్కనే తోరం కట్టుకుని గోపిక కూర్చుంది. దానికేమన్నా అయితే? ఎదురుగా తలుపుకు ఆనుకుని అత్తమ్మ నన్నే చూస్తోంది. ఆమె కన్ను నా మీది నుంచి తిరగడం లేదు.

అయ్యగారు చదువుతున్నారు. షావుకారి బిడ్డ, మగని ఓడ వచ్చిందని విని, ప్రసాదం ముట్టకుండా మధ్యలోనే లేచి ఉరికింది. ఓడ మునిగిపోయింది. ఎన్నోసార్లు విన్న కథే. ఆ బిడ్డ తప్పు మధ్యలో లేవడమే అని ఆ రోజే నాకు తట్టింది.

“వదినా, కర్పూరం ఎక్కడ పెట్టావ్? కనబడట్లేదు” వంటింట్లోంచి రోజా కేక.

నా మోకాళ్లు లేవబోయాయి. అందరూ నా వైపే చూశారు. ఇంట్లో ఏది ఎక్కడుందో లేచి తెచ్చి ఇవ్వాల్సింది నేనే కదా. రెండు మోకాళ్లనూ పీటకేసి అదిమి పట్టాను.

“రెండో అరల, పసుపు డబ్బా ఎనక” అన్నాను. కూర్చునే అన్నాను.

కలశం వైపు చూశాను. స్వామీ, నీకు తెల్వంది ఏముంది. లేవమంటే లేస్త. ఒక్క గుర్తు చూపు. దీపం కొండెక్కనీ, కొబ్బరికాయ కుళ్లిపోనీ. చూస్తూనే ఉన్నాను. దీపం నిలకడగా వెలిగింది. నాలుగో కొబ్బరికాయ తెల్లగా రెండు చెక్కలైంది. ఐదో కథ కూడా అయింది. హారతి ఇచ్చాను. ప్రసాదం నా చేత్తోనే అందరికీ పెట్టాను. అత్తమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది.

ఆ రాత్రి రెండుసార్లు లేచి గోపిక నుదురు చూశాను. చల్లగా ఉంది.

తెల్లారి “బయటున్న” అని చెప్పి ముందు గదికి వచ్చాను. పిల్ల నవ్వుతూ బడికి పోయింది. మంచు ఊరు తెరిచి పిట్టగోడ వైపు నడుస్తున్నాను. లోపలి గడప అవతల అత్తమ్మ మురిసిపోతున్న గొంతు.

“సూసినవారా, పూజ ఖతమైనంకనే వచ్చింది. మంచి మాత్రలు. వచ్చే పున్నానికి గూడ గవ్వే తే.”

“నాలుగు నెలలయి ఒక్కపారే తెస్త” అన్నాడు ఆయన. “ఏయ్ స్వర్ణా! ఇంకెన్ని మిగిలినయ్?”

ఆట ఆపే మీట నా వేలి కిందే ఉంది. నొక్కలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచాను. ఎవరో పిలిస్తే లేచినట్టు కాదు. గడప దాకా పోయి, దాటకుండా నిలబడ్డాను.

“అన్ని జాలార్ల పోసిన. ఒక్కటి గూడ ఏసుకోలే.”

అత్తమ్మ చేతిలో వత్తులు అట్లాగే ఆగిపోయాయి. “ఏసుకోలేదా? మరి ఇయ్యాల దాక...”

“ఇయ్యాల గాదు అత్తమ్మా. నిన్న నాలుగో కథ కాడనే వచ్చింది. నేను లేవలే. లేవుమని దేవుడు గూడ అనలే. ప్రసాదం అందరం తిన్నం. మిగిలిన నాలుగు పున్నాలు గూడ కూసుంట, ఎట్లుంటే అట్లనే కూసుంట. మాత్రలు మాత్రం తేకుండ్రి.”

వెనక తుపాకి పేలింది. తెర మీద నేను పడిపోయిన చప్పుడు వినబడింది. నేను వెనక్కి తిరగలేదు.